మేనమామ ఫోను, పదకొండు రోజుల పాప

ప్రశ్న: నమస్కారం సార్. మాది తణుకు దగ్గర పల్లెటూరు. అక్క పురిటికి మా ఇంటికి వచ్చింది. పాప పుట్టి పదకొండు రోజులైంది. బావగారికి హైదరాబాద్‌లో ఉద్యోగం, మళ్లీ బారసాలకే వస్తారు. రోజూ ఫోటోలు పంపమంటారు. ఇంట్లో మంచి ఫోన్ నాదే కాబట్టి ఆ పని నా మీద పడింది. 50 మెగాపిక్సెల్ కెమెరా ఉంది, అయినా ఒక్కటీ సరిగ్గా రావట్లేదు. పాప పసుపు పూసినట్టు వస్తుంది, లేదా ముక్కు లావుగా వస్తుంది, లేదా మసక. బావగారు చూసి "పాపకి కామెర్లా?" అని కంగారు పడ్డారు. ఇన్‌స్టాలో బుట్టలో కూర్చోబెట్టి, గడ్డం కింద చేతులు పెట్టి తీస్తారు కదా, అలా తీద్దామంటే అక్క ఒప్పుకోవట్లేదు. నాయనమ్మేమో ఇరవై ఒకటో రోజు దాకా అసలు ఫోటోయే వద్దు, దిష్టి అంటుంది. స్టూడియో వాళ్లని అడిగితే మా వల్ల కానంత చెప్పారు. నా వయసు 22. ఏం చేయమంటారు?

సమాధానం: వయసు రాశావు కాబట్టి నువ్వు అనేస్తున్నాను బాబూ, ఏమీ అనుకోకు. ముందు మీ అక్కకి నా మాటగా చెప్పు, ఆ బుట్ట వ్యవహారానికి ఒప్పుకోకుండా చాలా మంచి పని చేసింది. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఇప్పుడు నీ ఫోన్ వెనక్కి తిప్పి, లెన్స్ మీద వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని చూడు. వేలిముద్ర జిడ్డుగా మెరుస్తూ కనిపిస్తుంది, పందెం. బాలింత ఉన్న ఇల్లు కదా. పొద్దున లేస్తే పాప ఒంటికి నూనె, అక్క తలకి నూనె. అందరి చేతులూ నూనె చేతులే. ఆ చేతులతోనే "ఏదీ, ఎలా వచ్చింది, చూపించు" అని నీ ఫోన్ ఇంటిల్లిపాదీ పట్టుకుని ఉంటారు. నువ్వు మసక అంటున్నదాంట్లో సగం అదేనని నా అనుమానం. కళ్లజోడు తుడిచే గుడ్డ ఉంటే సరే, లేకపోతే ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు పంచె ముక్క ఒకటి జేబులో పెట్టుకో. నోటి ఆవిరి కొట్టి తుడువు. చొక్కా అంచుతో రుద్దితే జిడ్డు అటూ ఇటూ పాకుతుంది తప్ప పోదు. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ణి, పెద్ద పెద్ద కెమెరాల దగ్గర కూడా మొదట చూసుకునేది ఇదే.

ఇక పసుపు. ఇందులో రెండు సంగతులున్నాయి, ఒకటే ఫోటోకి సంబంధించింది. రెండోది ముందు చెప్పేస్తాను.

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో కూడా దాదాపు 60 శాతం మందికి మొదటి వారంలో కాస్తో కూస్తో కామెర్లు కనిపిస్తాయి. రెండో రోజో మూడో రోజో మొదలై, చాలామందికి రెండు వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. కానీ ఉన్నాయా లేవా అన్నది ఫోటోలో తేల్చుకోకూడదు. ఫోన్ రంగుల్ని తన ఇష్టానికి సరిచేస్తుంది. బాగున్న పిల్లని పచ్చగా చూపించినా పోనీ అనుకోవచ్చు. నిజంగా పచ్చబడిన పిల్లని సరిదిద్ది గులాబీ రంగులో చూపించిందనుకో, అప్పుడే చిక్కు. అందుకని పాపని పగటి వెలుతురులో కంటితో చూడండి. అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా, పాలు సరిగా తాగకుండా మగతగా పడి ఉన్నా, రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోయినా ఆ రోజే పిల్లల డాక్టర్‌కి చూపించాలి. ఎంత ఉందో తేలేది రక్తపరీక్షలో. ఈ ఒక్క విషయంలో బావగారికి ఫోటో పంపకు, డాక్టర్ ఏమన్నారో ఫోన్ చేసి చెప్పు.

డాక్టర్ ఏం లేదన్నారనుకుందాం. అప్పుడు ఆ పసుపు మీ గది దీపాలది. పురిటి గదికి మనవాళ్లు గాలి తగలకూడదని తలుపులు, కిటికీలు అన్నీ బిగించేస్తారు. దాంతో పట్టపగలు కూడా లోపల లైటు వెలుగుతుంటుంది. పసుపు బల్బు అయితే పసుపు, పాత ట్యూబ్‌లైట్ అయితే కాస్త ఆకుపచ్చ ఛాయ. ఫోటో కోసమని నువ్వు వెళ్లి కిటికీ రెక్క ఒకటి ఓరగా తీస్తావు. అటు నుంచి చల్లటి నీలం వెలుతురు. పాపకి ఒక చెంప ఒక రంగు, ఇంకో చెంప ఇంకో రంగు. దేన్ని నమ్మాలో తెలియక ఫోన్ మధ్యరకంగా ఏదో చేసి పెడుతుంది. గోడలు కూడా తక్కువవి కావు. లేత ఆకుపచ్చో, గులాబీయో డిస్టెంపర్ వేసిన గదిలో ఆ రంగంతా పాప ముఖం మీదికొచ్చి కూర్చుంటుంది. ఎర్ర చీర కట్టుకున్నవాళ్లు ఎత్తుకున్నా అంతే.

కాబట్టి లైట్లన్నీ ఆపేసి ఒక్క కిటికీతో పని కానివ్వు. ఉత్తరం కిటికీ ఉంటే నీ అదృష్టం. ఎండ నేరుగా రావడం తక్కువ, దాదాపు రోజంతా ఒకే రకం వెలుతురు. తూర్పు కిటికీ అయితే పొద్దున తొమ్మిది, పది దాటి ఎండ కిటికీ దిగిపోయాక. అంతదాకా ఆగలేవా, పల్చటి తెల్ల పంచె ఒకటి అడ్డం కట్టు, ఎండ మెత్తబడుతుంది. పడమటి కిటికీకి ఇదే లెక్క తిరగేసి వేసుకో. గాలి తగులుతుందని అమ్మ గొడవ చేస్తే అద్దం రెక్కలు మూసే ఉంచు, కర్టెన్ మాత్రం తీస్తే చాలు. ఫ్యాన్ ఆపేయి. పదిహేను నిమిషాల పని ఇది, గంటల తరబడి చేసేది కాదు.

ఇప్పుడు అసలు కిటుకు. వెలుతురు ఏ వైపు నుంచి వస్తోందన్నది. పాప తల కిటికీ వైపుకి కొంచెం ఏటవాలుగా ఉండాలి. అంటే వెలుతురు నుదుటి మీద పడి, ముక్కు మీదుగా గడ్డం వైపు జారాలి. కాళ్ల వైపు నుంచి వస్తే గడ్డం కింద, ముక్కు రంధ్రాల్లో వెలుగు కొట్టి, చీకట్లో టార్చి గడ్డం కింద పెట్టుకుని భయపెట్టే ఆటలో ముఖంలా ఉంటుంది. ముక్కు నీడ చూసుకో. అది పెదవి వైపు పడితే సరిగ్గా పెట్టినట్టు, నుదుటి వైపు పడితే మంచం తిప్పాలి.

ఇది పాప మీద నేర్చుకోకు. మీ ఊళ్లో కొబ్బరికాయలకి కరువా? పీచు తీసిన కాయ ఒకటి తీసుకుని, మూడు కళ్లూ పైకి ఉండేట్టు తువ్వాల్లో చుట్టి మంచం మీద పెట్టు. మంచాన్ని కిటికీ ముందు నాలుగు రకాలుగా తిప్పి నాలుగు ఫోటోలు తియ్యి. కళ్ల గుంటల్లో నీడ ఎలా మారుతుందో నీకే తెలుస్తుంది. స్టూడియోలో కొత్తగా చేరిన కుర్రాళ్లకి మేము మొదటి వారమంతా కాయతోనే పని చెప్పేవాళ్లం. నవ్వొచ్చినా సరే, కాయ ఏడవదు, తడపదు.

మంచాన్ని తిప్పమన్నాను చూడు, నీ ఉత్తరం మొత్తానికి నా జవాబు అదే. పాపని ఫోటో కోసం కదపకు. మంచం జరుపు, కర్టెన్ జరుపు, నువ్వు కుర్చీ ఎక్కు, నేల మీద కూర్చో, అదీ కాకపోతే ఆగు. పాప తనకెలా హాయిగా ఉందో అలా ఉండనీ.

ముక్కు లావుగా వస్తోందన్నావు. పాప చిన్నది కదా అని నువ్వు ఫోన్‌ని జానెడు దూరానికి తీసుకెళ్లి ఉంటావు. ఫోన్ కెమెరాలు వెడల్పుగా చూసేవి. అంత దగ్గర్నుంచి ఏది ముందుంటే అది పెద్దదవుతుంది. ముఖంలో ముందుండేది ముక్కే. గజం దూరం వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టు. జూమ్ చేస్తే పాడవుతుందని ఎవరైనా అన్నారేమో, 2ఎక్స్ దాకా నీ ఫోన్‌లో ఏం కాదు. 50 మెగాపిక్సెల్ అంటారు గానీ, ఆ కెమెరా మామూలుగా నాలుగేసి చుక్కల్ని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తుంది. 2ఎక్స్‌లో సెన్సర్ (వెలుతురు పట్టే చిప్) మధ్య భాగాన్నే వాడుకుంటుంది, అంతే. 5ఎక్స్, 10ఎక్స్ జోలికి మాత్రం పోకు. 0.5ఎక్స్ అయితే ఇంట్లో పెళ్లి జరిగేదాకా మర్చిపో.

పాదాలు, వేళ్లు, చెవి వెనక నూగు, ఇలాంటివి దగ్గరగా తీయాలనిపిస్తుంది, తీయాలి కూడా. ఫోన్‌లో మ్యాక్రో అని విడిగా ఒక బుల్లి లెన్స్ ఉంటే అది చాలావాటిల్లో 2 మెగాపిక్సెలే, పేరుకే ఉంటుంది. మెయిన్ కెమెరాతోనే జానెడున్నర దూరం నుంచి 2ఎక్స్‌లో తీసి, తర్వాత చుట్టూ కత్తిరించుకో.

వెనక మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ నీకు ఇష్టమని నాకు తెలుసు, మీ వయసు వాళ్లందరికీ ఇష్టమే. అది పాప చెవి ఎక్కడ అయిపోయిందో, పొత్తిగుడ్డ ఎక్కడ మొదలైందో తెలియక సగం చెవి కూడా మసక చేసేస్తుంది. వాడితే సగానికి తగ్గించి వాడు.

లెన్స్ తుడిచాక కూడా మసక వస్తే కారణం చీకటి. వెలుతురు చాలనప్పుడు ఫోన్ ఫోటోకి ఎక్కువ సమయం తీసుకుంటుంది. పాప చెయ్యి ఊరుకోదు. పుట్టిన కొత్తలో పిల్లలు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి రెండు చేతులూ విసురుతారు చూశావా, అది మూడు నాలుగు నెలలు ఉంటుంది, భయపడాల్సింది కాదు. కానీ నీ ఫోటోకి శత్రువు. నైట్ మోడ్ అయితే మరీ, ఒకటి రెండు సెకన్లు నిలకడగా ఉండమంటుంది, ఆ మాట పాపకి ఎవరు చెప్తారు? అది ఆపేసి కిటికీ దగ్గరికి రా. షట్టర్ చప్పుడు తీసేయి. మోచేతులు పక్కటెముకలకి ఆనించు, ఊపిరి వదిలేసి నొక్కు. తెర మీద వేలు పొడవడం కంటే వాల్యూమ్ బటన్ నొక్కితే ఫోన్ తక్కువ కదులుతుంది. అక్కని పాప ఛాతీ మీద అరచెయ్యి తేలిగ్గా వేయమను, ఉలికిపాటు తగ్గుతుంది. ఆ చెయ్యి ఫోటోలో ఉంటే ఇంకా మంచిది.

మీ ఇంట్లో పొత్తిళ్లన్నీ పాత తెల్ల పంచెలే అయ్యుంటాయి. చుట్టూ తెలుపు ఎక్కువైతే ఫోన్ "అమ్మో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని ముఖాన్ని నల్లబరుస్తుంది. తెర మీద పాప కంటిని తాకు. పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొద్దిగా పైకి జరుపు. తాకినచోట వేలు కాసేపు అలాగే ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. ఇక పాప ఆవలించేదాకా ఆగడమే.

ఆగడం అన్నాను కదా, ఎప్పుడని. పాలు తాగి, తేన్పు వచ్చి, పడుకున్న పది పదిహేను నిమిషాల తర్వాత. చెయ్యి ఎత్తి వదిలితే మెత్తగా వాలిపోతే గాఢనిద్ర. కాసేపటికి కనురెప్పల కింద గుడ్లు కదులుతాయి, పెదవులు చప్పరిస్తాయి, ఉన్నట్టుండి ఒక నవ్వు. దేవుడు కబుర్లు చెప్తున్నాడంటారు మన ఇళ్లలో. మనల్ని చూసి నవ్వే నవ్వు రావడానికి ఆరు వారాలైనా పడుతుంది, అందాకా ఇదే భాగ్యం. అర సెకను కూడా ఉండదు. నవ్వు కనిపించాక నొక్కితే దొరకదు, పెదవి కదలడం మొదలవగానే వరసగా తీసుకుంటూ పోవాలి. బరస్ట్ అంటారు. కొన్ని ఫోన్లలో బటన్ నొక్కి పట్టుకోవాలి, కొన్నిట్లో కిందికో పక్కకో లాగాలి. ఇరవైలో ఒకటి నవ్వు, మిగతా పంతొమ్మిది అక్కడే చెరిపేయి.

కళ్లు తెరిచిన ఫోటో కావాలంటే వెలుతురు పెంచకూడదు, తగ్గించాలి. వెలుగెక్కువైతే ఎవరమైనా కళ్లు మూసుకుంటాం. కర్టెన్ సగం వేసి, అక్కని పాపని భుజానికి కాస్త నిటారుగా ఎత్తుకోమను, తల పట్టుకుని. పడుకోబెట్టినప్పటికంటే అప్పుడు కళ్లు బాగా తెరుస్తారు. ఈ వయసులో వాళ్లకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. పాలిచ్చేటప్పుడు అమ్మ ముఖం ఉండే దూరం అది. నువ్వు గజం దూరంలో నిలబడి ఎన్ని చిటికెలు వేసినా చూడదు. అక్క భుజం వెనక నుంచి తియ్యి. పాప అక్కని చూస్తుంది, నీ ఫోన్‌ని చూసినట్టే వస్తుంది.

ఫ్లాష్ వాడకు. ఫ్లాష్‌తో పిల్లల కళ్లు పోతాయని వాట్సాప్‌లో తిరిగేదాంట్లో నిజం లేదు, డాక్టర్లు కళ్లు పరీక్షించే దీపాలు అంతకంటే వెలుగువి. నేను వద్దనేది ఫోటో బల్లపరుపుగా, నూనె మెరుపుతో వస్తుందని, పాప ఉలిక్కిపడుతుందని. అయితే ఎవరో ఎప్పుడో ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కంటిపాప ఎర్రగా, ఇంకోటి తెల్లగా వస్తే దాన్ని నవ్వి వదిలేయకండి. చాలాసార్లు అది కెమెరా కోణం వల్లే అయ్యుంటుంది. కానీ కంటిలో శుక్లం, అరుదుగా కణితి ఉన్నా అలాగే కనిపిస్తుంది. పదే పదే ఒకే కన్ను తెల్లగా వస్తుంటే కంటి డాక్టర్‌కి ఆ ఫోటో చూపించాలి. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పసిపిల్లల కంటి కణితికి కూడా వైద్యం ఉంది. తొందరగా పట్టుకుంటే చాలావరకు నయమయ్యే జబ్బది.

ఇప్పుడు బుట్ట సంగతి. గడ్డం కింద రెండు చేతులు పెట్టుకుని, తల నిలబెట్టి, కప్పలా కూర్చున్న పాప ఫోటో చూశావు కదా. అది ఒక ఫోటో కాదు, రెండు. ఒకదాంట్లో పక్కనున్న మనిషి పాప తల పట్టుకుంటాడు, ఇంకోదాంట్లో మణికట్లు పట్టుకుంటాడు, తర్వాత కంప్యూటర్‌లో రెండూ కలిపి మనిషి చేతులు చెరిపేస్తారు. ఆ వయసు మెడ తల బరువు ఆపలేదు. గడ్డం ఛాతీకి ఆనుకునేలా కూర్చోబెడితే ఊపిరి అందకపోవచ్చు. గాజు సీసాల్లో పెట్టడం, గుడ్డలో కట్టి కొమ్మకి వేలాడదీయడం, బుట్టని టేబుల్ మీద పెట్టడం, ఏదీ వద్దు. అక్కకి ఇవన్నీ తెలిసి కాదు, తల్లి కాబట్టి కుదరదంది.

మరి ఏదో ఒకటి ప్రత్యేకంగా ఉండాలంటావా, మీ ఇంట్లోనే చేట ఉంటుంది. బిడ్డని చేటలో పడుకోబెట్టే ఆచారం కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది, మీ నాయనమ్మని అడుగు, కథలు చెప్తుంది. చేటని నేల మీద పెట్టి, లోపల పాత చీరల బొంత నాలుగు మడతలు పరిచి, పాపని వెల్లకిలా పడుకోబెట్టండి. పెద్దవాళ్లు ఒకరు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో కూర్చోవాలి. నువ్వు స్టూలెక్కి పైనుంచి తీస్తావు. ఒక్క జాగ్రత్త, ఫోన్ సరిగ్గా పాప ముఖం పైన పట్టుకోకు. రెండొందల గ్రాముల బరువు అంత ఎత్తు నుంచి జారితే ఎంత దెబ్బో ఆలోచించు. ఫోన్‌కి తాడు కట్టి మణికట్టుకి తగిలించుకో, కాస్త పక్కకి నిలబడు. బొడ్డు ఇంకా రాలకపోతే పొత్తిగుడ్డ మడత ఒకటి దాని మీదికి వదులుగా జరిపితే చాలు.

చీర ఉయ్యాల కట్టారా? లోపలికి తొంగిచూసి తీస్తే చీకటి, పైగా చీర రంగంతా పాప మీద. పక్కకి వచ్చి, కిటికీ ఉయ్యాల వెనక ఉండేట్టు నిలబడు. పల్చటి నూలు చీరైతే వెలుతురు గుడ్డలోంచి వడగట్టినట్టు వచ్చి, లోపల ముడుచుకున్న పాప నీడలా కనిపిస్తుంది. ముఖం కనబడదు. నాకు ఆ రకం ఫోటోలంటేనే ఇష్టం.

ముఖం కనబడని ఫోటోతో మీ నాయనమ్మ సమస్య కూడా తీరుతుంది. ఆవిడతో వాదించకు. తాతమ్మ కదా, ఆ పాప మీద నీకంటే ఆవిడకి హక్కు ఎక్కువ. ఇరవై ఒకటో రోజు దాకా ముఖం తీయనని మాటిచ్చెయ్యి, బావగారికి మాత్రం ఒకటి రెండు వెళ్తాయని చెప్పి ఒప్పించు. ఆ తర్వాత ఆవిడ పక్కనే కూర్చుని, చూపుడువేలు పాప అరచేతిలో పెట్టమను. పాప గట్టిగా పట్టేసుకుంటుంది. నేర్చుకుని చేసేది కాదది, పుట్టుకతో వచ్చిన పట్టు. వెలుతురు పక్క నుంచి రానీ. ఆవిడ చేతి మీద నరాలు, ముడతలు, అరిగిపోయిన బంగారు గాజు, ఆ వేలి చుట్టూ గోరంత కూడా లేని ఐదు గోళ్లు. తీసి ఆవిడకే మొదట చూపించు. మర్నాటి నుంచి "ఒరేయ్, ఫోటో తియ్యవేరా" అని ఆవిడే పిలవకపోతే నన్నడుగు.

దిష్టి చుక్క పెడతానంటే పెట్టనీ, బుగ్గ మీదో అరికాలి మీదో అందంగానే ఉంటుంది. కంట్లో కాటుక మాత్రం వద్దని పిల్లల డాక్టర్లందరూ చెప్తారు. సాంబ్రాణి పొగలో ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది, నిజమే, కానీ ఆ పొగ పసిపిల్ల ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఫోటో కోసమని వేయించకు.

మీ అమ్మ పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పాపని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేది ఇంకెన్నాళ్లు ఉంటుంది? మూడు నాలుగు నెలలు. స్టూడియోలో ఎంత డబ్బు పోసినా దొరకని ఫోటో అదొక్కటి. దొడ్డి వైపు తలుపు తీసి ఉంటే అటు నుంచి వచ్చే వెలుతురు, వేణ్ణీళ్ల ఆవిరి, పాప వీపు మీద అమ్మ అరచెయ్యి. బోర్లా వేసుకుని వీపు రుద్దేటప్పుడు పక్క నుంచి, పీట ఎత్తుకి వంగి తియ్యి. ఈ ఫోటోలు ఇంట్లోవాళ్లకే. స్టేటస్‌లో, ఇన్‌స్టాలో పెట్టకు. బట్టల్లేని ఫోటో ఏదీ బయటికి పోకూడదు, పాప పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి చీటీ కనిపించేవి కూడా. పెద్దయ్యాక తను ఏమంటుందో మనకేం తెలుసు?

ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేశావా? చాలా ఫోన్లలో అడగకుండానే పని చేస్తుంటుంది. పదకొండు రోజుల పాప చర్మం పొట్టు రాలుతుంది, ముక్కు మీద ఆవగింజల్లాంటి తెల్ల చుక్కలుంటాయి, ఏడిస్తే కందగడ్డలా అవుతుంది. కొన్ని వారాలు పోతే ఇవి చాలావరకు ఉండవు. వాటిని నున్నగా చేసేస్తే ఏ పాప ఫోటోకైనా తేడా ఉండదు. తెల్లగా చేయడం మరీ అన్యాయం. "రంగు ఎవరిదొచ్చింది?" అని అడిగే చుట్టాలు ఎలాగూ ఉంటారు, వాళ్లకి నువ్వు సాయం చేయక్కర్లేదు. కావాలంటే వెలుతురు కాస్త పెంచు, పసుపు కాస్త తగ్గించు, అక్కడితో ఆపు.

అక్క ఫోటోలు ఎన్ని తీశావు? నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. చెవులకి గుడ్డ కట్టుకుని, జుట్టు రేగి, నిద్ర లేక కళ్లు ఉబ్బి ఉంటుంది, "నన్ను తియ్యకురా" అంటుంది. అడిగి తియ్యి. ముఖం వద్దంటే మెడ, చెయ్యి, పాపకి ఆనించిన గడ్డం తియ్యి. తీసింది ఎవరికి పంపాలో తననే చెప్పనివ్వు. మా స్టూడియోకి వచ్చిన ఆల్బమ్‌లలో చాలావాటిల్లో మొదటి నెల అమ్మ ఉండేది కాదు, ఆ సంగతి పిల్లలు పెద్దయ్యాక గమనించి మా దగ్గరికొచ్చి "ఇంకేమైనా నెగెటివ్‌లు ఉన్నాయా" అని అడిగేవారు.

బావగారికి రోజుకి వంద పంపకు, మూడు పంపు. పది సెకన్ల వీడియో ఒకటి, తుమ్మినప్పుడో ఎక్కిళ్లు వచ్చినప్పుడో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. హెచ్‌డీ నొక్కి పంపు, లేదా డాక్యుమెంట్‌గా పంపు. ఒరిజినల్స్ నీ ఫోన్‌లో ఒక్కచోటే ఉంచకు. గూగుల్ ఖాతాకి ఉచితంగా వచ్చే 15 జీబీ మెయిల్‌తో కలిపే, అది నిండిపోతే అక్క ఖాతా కూడా వాడుకో. ప్రింట్లు వేయించాలంటే ఒరిజినలే కావాలి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 8×12 ప్రింటుకి 86 లక్షల చుక్కలు పడతాయి. నీ ఫోన్ ఫోటో సరిపోతుంది, వాట్సాప్‌లో తిరిగొచ్చింది సరిపోదు.

1994లో మా పెద్దమ్మాయి బారసాలకి నేనే ఫోటోగ్రాఫర్ని. అప్పటికే ఊళ్లో పేరున్నవాణ్ణి. 36 ఫోటోల రీలు, లెక్కపెట్టుకుని 36 నొక్కాను. సాయంత్రం తీసి చూస్తే రీలు కొస కెమెరా లోపలి చక్రం పంటికి పట్టుకోలేదు, ఒక్క అంగుళం కూడా తిరగలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తకుండా ఉండలేదు. నీకు ఆ బాధ లేదు, తీసింది వెంటనే చూసుకోవచ్చు. కానీ మెమరీ నిండిందేమో, ఛార్జింగ్ ఉందేమో ముందు రోజు రాత్రే చూసుకో.

బారసాల రోజు సాయంత్రానికి పాప అలిసిపోతుంది. జనం, పాటలు, డెకరేషన్ ఎల్ఈడీల గీతలు ఫోటోలో అడ్డంగా, ఎవరో ఒకరి మోచెయ్యి. అందుకని జనం రాకముందే, కొత్త బట్టలు వేసిన వెంటనే, అదే కిటికీ దగ్గర పావుగంట నీది. ఉయ్యాల ఎక్కడ కడుతున్నారో ముందే అడిగి, వీలైతే కిటికీకి ఎదురుగా కట్టించు. బావగారు బియ్యంలో పేరు రాసేటప్పుడు అందరూ పళ్లెం వైపు వంగి వెలుతురు అడ్డుకుంటారు. నువ్వు ముందే కిటికీ పక్కన నేల మీద చోటు పట్టుకో. పళ్లెంతో పాటు అక్క ముఖం కూడా చూడు, పేరు మొదటి అక్షరం పడేటప్పుడు.

ఆ రోజు ఎవరికైనా ఫోన్ ఇచ్చి నిన్ను కూడా ఒకటి తీయమను, పాపని ఎత్తుకుని. మేనమామ లేని ఆల్బమ్ ఏం ఆల్బమ్? ఇచ్చేముందు లెన్స్ తుడిచి ఇవ్వు.